చదువు అప్పు – నెల కిస్తీ

ఇంటరు ఫలితాలు వచ్చిన రోజున ఊళ్లో రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి. పిల్ల తప్పిందని దిగులు పడే ఇల్లు ఒకటి. పిల్ల పాసయిందని దిగులు పడే ఇల్లు ఇంకొకటి.

పాసయితే దిగులెందుకు? ఫీజు ఎక్కడి నుంచి తేవాలి అని.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద కదిలారు. రాత్రిబడిలో చదివిన పాఠమే వాళ్లను కదిలించింది. తరువాత అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు లేచాయి. రోజుకు రూపాయి అంటే ఏడాదికి 365 రూపాయలు. ఈనాటి కాలేజీ ఫీజు ముందు ఆ సొమ్ము ఏ మూలకీ రాదు. కాని ఆ రూపాయిల దగ్గర మనం పుస్తకం రాయటం, వడ్డీ కట్టటం, అసలు తగ్గించటం నేర్చుకున్నాం. చదువు అప్పుకు కూడా కావలసింది ఆ లెక్కే.

రవణమ్మ అనే ఒక తల్లిని అనుకుందాం. ఆమె కథలో మనిషి. అయినా అలాంటి తల్లి మీ వీధిలో ఉండే ఉంటుంది. భర్త ఆటో తోలతాడు. ఆమె కూలికి పోతుంది, రెండు గేదెలు మేపుతుంది. కూతురికి బి.ఎస్‌సి. నర్సింగులో సీటు వచ్చింది. నాలుగేళ్ల చదువు. ఫీజు, హాస్టలు, పుస్తకాలు, యూనిఫారాలు అన్నీ కలిపి చూసుకుంటే, చేతిలో ఉన్నది పోను ఏడాదికి లక్ష రూపాయలు తక్కువ పడుతున్నాయి. నాలుగేళ్లకు నాలుగు లక్షలు.

సంఘం మీటింగులో ఈ మాట వచ్చింది.

"మా బావగారు రెండ్రూపాయల వడ్డీకి ఇస్తారు వదినా. నోటు రాస్తే చాలు" అంది ఒకామె.

"బ్యాంకులో చదువు లోను ఉందంట కదా. పది శాతం అంట" అంది ఇంకొకామె.

"పది శాతమా! రెండ్రూపాయలు ఎక్కడ, పది ఎక్కడ! మునిగిపోతావే రవణా" అంది వెనక కూచున్న పెద్దామె.

నవ్వకండి. ఆ పెద్దామె తెలివితక్కువది కాదు. షావుకారు వడ్డీ నెల లెక్కన చెబుతాడు. బ్యాంకు వడ్డీ ఏడాది లెక్కన చెబుతుంది. రెండూ ఒకే తక్కెడలో వేస్తేనే ఏది బరువో తెలుస్తుంది. ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఏ వడ్డీ ఎంత?

రెండ్రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి పన్నెండు నెలలు. 2ను 12తో గుణిస్తే 24. అంటే ఏడాదికి నూటికి 24 రూపాయలు. దీన్నే బ్యాంకువాళ్లు 24 శాతం అంటారు. మూడు రూపాయల వడ్డీ 36 శాతం. రూపాయి వడ్డీ 12 శాతం.

ఇప్పుడు బ్యాంకు లెక్కను మన లెక్కలోకి మారుద్దాం. శాతాన్ని 12తో భాగించాలి. 12 శాతం అంటే రూపాయి వడ్డీ. 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ, నూటికి నెలకు 75 పైసలు. 10 శాతం అంటే 83 పైసలు. 3 శాతం అంటే పావలా వడ్డీ. 2004లో ప్రభుత్వం మన సంఘాలకు పావలా వడ్డీ పథకం పెట్టింది. ఆ పావలా ఇదే.

రవణమ్మ గబగబా పలక మీద వేసుకుంది. బ్యాంకు వడ్డీ నూటికి నెలకు 83 పైసలు. బావగారి వడ్డీ నూటికి నెలకు 200 పైసలు.

"రెట్టింపు కన్నా ఎక్కువ కదే!" అంది పెద్దామె, ఈసారి ముందుకు జరిగి.

పైగా షావుకారు ఏడాది తిరగ్గానే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటాడు. అప్పటి నుంచి వడ్డీకి వడ్డీ మొదలు.

చదువు అప్పుల మీద ఏ బ్యాంకు వడ్డీ ఆ బ్యాంకుది. కాలాన్ని బట్టి అది మారుతుంది కూడా. ఆడపిల్లల చదువుకు చాలా ప్రభుత్వ బ్యాంకులు అర శాతం తగ్గిస్తాయి. అడిగితేనే కొన్నిచోట్ల చెబుతారు, కాబట్టి అడగాలి. ఈ పాఠంలో లెక్క తేలికగా ఉండాలని 10 శాతం అనుకుందాం.

బ్యాంకులో

రవణమ్మ కూతురిని వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయింది. ఫీల్డాఫీసరు కూచోమన్నాడు.

"ఆస్తేమీ లేదు సార్, ఆ రేకుల ఇల్లు తప్ప" అంది ముందే.

"నాలుగు లక్షల దాకా తాకట్టు అడగమమ్మా. మీ చేతి నుంచి వాటా డబ్బు కూడా అక్కర్లేదు. కాని పాప ఒక్కతే సంతకం పెడితే సరిపోదు. తల్లిగాని తండ్రిగాని కలిసి సంతకం పెట్టాలి."

ఇది ఆ ఆఫీసరు సొంత మాట కాదు. 2001లో బ్యాంకుల సంఘం దేశం మొత్తానికి ఒక నమూనా పథకం తయారుచేసింది. తరువాత దాన్ని కొన్నిసార్లు సవరించారు. నాలుగు లక్షలు దాటితే, మన దేశంలో చదువుకు నూటికి 5 రూపాయల వాటా మనం పెట్టుకోవాలి. ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటు 2015 నుంచి ఉంది. ఆ పైన బ్యాంకు ఇల్లో పొలమో హామీగా అడగవచ్చు. ఫీజు ఒక్కటే కాదు, హాస్టలు ఖర్చు, పుస్తకాలు, పరీక్ష ఫీజు, అవసరమైతే కంప్యూటరు కూడా అప్పులో చేర్చవచ్చు. ఫీజు డబ్బు మన చేతికి రాదు. బ్యాంకు నేరుగా కాలేజీకి పంపుతుంది.

"మీ ఊరు మా బ్రాంచి కిందికి రాదు, వేరే బ్రాంచికి పొండి" అని తిప్పి పంపేవాళ్లు ఉన్నారు. ఆ కారణంతో చదువు అప్పు కాదనకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. అప్పు ఇవ్వమని చెబితే ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసిమ్మని అడగండి. నోటిమాటతో వెనక్కి రాకండి.

ఆఫీసరు ఇంకో మాట చెప్పాడు.

"చదువు అయ్యేదాకా కిస్తీ కట్టక్కర్లేదమ్మా. చదువు అయినాక ఇంకో ఏడాది కూడా ఆగవచ్చు."

రవణమ్మకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే ఐదేళ్లు వడ్డీ లేదన్నమాట!"

"కట్టక్కర్లేదు అన్నాను. వడ్డీ లేదు అనలేదు."

ఇక్కడ కాసేపు ఆగుదాం. చదువు అప్పు తీసుకున్న ఇళ్లలో ఎక్కువ గొడవలు పుట్టేది ఈ ఒక్క మాట దగ్గరే. కిస్తీ నిద్రపోతుంది. వడ్డీ నిద్రపోదు.

ఐదేళ్ల వడ్డీ

బ్యాంకు ప్రతి ఏడాది మొదట్లో లక్ష రూపాయలు కాలేజీకి కట్టింది అనుకుందాం. లక్షకు 10 శాతం వడ్డీ అంటే ఏడాదికి 10,000 రూపాయలు.

మొదటి ఏడాది ఇచ్చిన లక్ష ఐదేళ్లు వాడుకున్నాం. వడ్డీ 50,000. రెండో ఏడాది ఇచ్చిన లక్ష నాలుగేళ్లు వాడుకున్నాం. వడ్డీ 40,000. మూడో లక్షకు మూడేళ్లు, 30,000. నాలుగో లక్షకు రెండేళ్లు, 20,000.

కూడండి. 1,40,000 రూపాయలు.

ఐదేళ్ల తరువాత కిస్తీ మొదలయ్యే రోజున బాకీ నాలుగు లక్షలు కాదు. 5,40,000. ఈ మొత్తాన్ని అసలుగా పెట్టుకుని బ్యాంకు కిస్తీ కడుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 7,136 రూపాయలు. పదేళ్లూ కట్టింది మొత్తం కూడితే 8,56,320.

"నాలుగు తెచ్చుకుని ఎనిమిదిన్నర కట్టాలా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది రవణమ్మ.

తగ్గించుకునే దారులు ఉన్నాయి. రెండు దారులు చూద్దాం.

మొదటిది: చదువుకునే రోజుల్లోనే ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేయటం. మొదటి ఏడాది నెలకు 833 రూపాయలు. రెండో ఏడాది 1,667. మూడో ఏడాది 2,500. నాలుగో ఏడాది, ఆ పై ఏడాది 3,333. ఇలా కడితే ఐదేళ్ల తరువాత బాకీ నాలుగు లక్షల దగ్గరే నిలుస్తుంది. అప్పుడు పదేళ్ల కిస్తీ నెలకు 5,286. ముందు కట్టిన వడ్డీ కూడా కలిపి మొత్తం 7,74,320. అంటే 82,000 రూపాయలు మిగులు. చదువుకునేటప్పుడే వడ్డీ కడితే చాలా బ్యాంకులు ఒక శాతం వడ్డీ తగ్గిస్తాయి కూడా. అది వస్తే మిగులు ఇంకా పెరుగుతుంది. రెండు గేదెల పాల డబ్బులో మొదటి ఏడాది 833 కట్టటం రవణమ్మకు కష్టమే గాని అసాధ్యం కాదు. నాలుగో ఏడాది 3,333 మాత్రం కష్టం. కట్టగలిగినన్ని నెలలు కట్టినా లాభమే.

రెండో దారి ఇంకా మంచిది. కేంద్ర ప్రభుత్వం 2009–10 నుంచి ఒక వడ్డీ రాయితీ ఇస్తోంది. ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండాలి. వృత్తి, సాంకేతిక చదువు అయి ఉండాలి. మన దేశంలోనే చదవాలి. కాలేజీకి తగిన గుర్తింపు ఉండాలి. నర్సింగు కాలేజీకయితే నర్సింగు కౌన్సిలు అనుమతి ఉండాలి. ఇవన్నీ ఉంటే చదువు రోజుల వడ్డీ, ఆ పై ఏడాది వడ్డీ ప్రభుత్వమే కడుతుంది. రవణమ్మ లెక్కలో ఆ 1,40,000 మొత్తం పోతుంది. కిస్తీ 7,136 నుంచి 5,286కు దిగుతుంది.

కాని ఇది దానంతట అది రాదు. ఆదాయ ధ్రువపత్రం తెచ్చి, ఆ రాయితీ కోసం వేరేగా దరఖాస్తు పెట్టాలి. చాలామంది తల్లులకు ఈ రాయితీ ఉందన్న సంగతి చదువు అయిపోయాక తెలుస్తుంది. పిల్ల మధ్యలో చదువు మానేస్తే రాయితీ పోతుంది. జబ్బు చేసి మానితే వేరే సంగతి.

2024 నవంబరులో ప్రధానమంత్రి విద్యాలక్ష్మి అనే పథకానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. పేరున్న కొన్ని కాలేజీలను ఎంపిక చేశారు. వాటిలో సీటు వస్తే తాకట్టు, పూచీ లేకుండా అప్పు ఇవ్వాలి. వేరే స్కాలర్‌షిప్పుగాని వడ్డీ రాయితీగాని అందని పిల్లలకు, ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే, పది లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ పెట్టారు. మన పిల్ల కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో బ్యాంకులోగాని, ఇంటర్నెట్ సెంటరులోగాని చూపించమనండి.

ఫీజులు ఎందుకు ఇంత పెరిగాయి?

ఒకప్పుడు కాలేజీ అంటే సర్కారు కాలేజీయే. సీట్లు తక్కువ, ఫీజులు తక్కువ. తరువాత ప్రైవేటు కాలేజీలు వచ్చాయి. సీటుకు లక్షలు గుంజటం మొదలయింది. దాన్ని ఆపటానికి 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం చేశారు. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో, ఆ కేసు మన రాష్ట్రానిదే, ఫ్రీ సీటు, పేమెంటు సీటు అనే పద్ధతి పెట్టింది. పేమెంటు సీటు పిల్ల ఎక్కువ కడితే ఫ్రీ సీటు పిల్ల తక్కువ కట్టేది. 2002లో వచ్చిన ఇంకో తీర్పుతో ఆ పద్ధతి పోయింది. మరుసటి ఏడాది నుంచి రాష్ట్రానికో ఫీజు కమిటీ. కాలేజీ తన ఖర్చులు చూపిస్తుంది, కమిటీ ఫీజు ఖరారు చేస్తుంది. మూడేళ్లకోసారి మళ్లీ చూస్తారు. చూసినప్పుడల్లా ఎక్కువగా పెరగటమే గాని తగ్గటం అరుదు.

సర్కారు చదువులూ పెరిగాయి. ఐ.ఐ.టి.లలో 2016లో ఏడాది ఫీజు 90,000 నుంచి రెండు లక్షలకు పెంచారు. అయితే ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు, వికలాంగులకు, లక్ష లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ఆ ఫీజు మాఫీ చేశారు. లక్ష నుంచి ఐదు లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లకు మూడింట రెండు వంతులు తగ్గించారు. పెద్ద ఫీజు చూసి భయపడి వెనక్కి వచ్చేముందు మాఫీ ఎవరికి ఉందో అడగాలి.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు పెద్ద ఎత్తున వచ్చింది. దానివల్ల కూలి ఇళ్ల పిల్లలు వేలమంది ఇంజనీరింగు గడప తొక్కారు. అది చిన్న సంగతి కాదు. కాని సర్కారు డబ్బు ఆలస్యం అయితే కాలేజీవాళ్లు పిల్లల మీద పడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి కొన్నేళ్లు ఆ డబ్బు తల్లుల ఖాతాలో వేశారు. తరువాత మళ్లీ కాలేజీ ఖాతాకే మార్చారు. ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. రీయింబర్స్‌మెంటు కన్వీనరు కోటా సీటుకే. ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో నూటికి 70 సీట్లు కన్వీనరు కోటా, 30 సీట్లు మేనేజిమెంటు కోటా. "సీటు ఇప్పిస్తాం, రీయింబర్స్‌మెంటు కూడా వస్తుంది" అని ఏజెంటు చెబితే, ఏ కోటా సీటు అని మొదట అడగండి.

ఫీజు బాకీ ఉందని అసలు సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే కాలేజీలు ఉన్నాయి. అలా పెట్టుకోకూడదని యు.జి.సి. 2018లో చెప్పింది. పిల్ల ఉద్యోగానికి పోవాలంటే ఆ కాగితాలే కావాలి. అవి లేక ఉద్యోగం పోతే కిస్తీ ఎట్లా కడుతుంది? నన్నడిగితే, అప్పిచ్చిన షావుకారు ఎద్దును కట్టేసుకుని పొలం ఎందుకు దున్నలేదని అడగటం లాంటిది ఇది.

సంతకం పెట్టే ముందు

అప్పు కాగితం మీద రవణమ్మ పేరు పక్కన "సహ రుణగ్రహీత" అని ఉంది. కష్టమైన మాట. కూడబలుక్కుని చదివింది.

"అంటే సాక్షి సంతకమా సార్?"

"కాదమ్మా. మీరు కూడా అప్పు తీసుకున్నట్టే. పాప కట్టకపోతే మీరు కట్టాలి."

సాక్షి వేరు, సహ రుణగ్రహీత వేరు. ఈ తేడా తెలియక సంతకాలు పెట్టిన తల్లిదండ్రులు ఎందరో.

2024 అక్టోబరు నుంచి బ్యాంకులు అప్పు ఇచ్చే ముందు ఒక వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. వడ్డీ ఎంత, ఇతర ఖర్చులు ఎంత, అన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుంది, ఏ నెలలో ఎంత కట్టాలి, అన్నీ అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అంటే తెలుగులో ఇమ్మని అడిగే హక్కు మనకుంది. రవణమ్మ అడిగింది. రెండు రోజులు ఆలస్యమయింది గాని వచ్చింది.

అందులో ఒక బీమా ప్రీమియం కూడా కలిపి ఉంది. బీమా మంచిదే. పిల్లకు ఏమైనా అయితే అప్పు తల్లి నెత్తిన పడకుండా కాపాడుతుంది. కాని అది మన ఇష్టం. దేనికి, ఎంత, ఎన్నేళ్లకు అని అడిగి తీసుకోవాలి. అడగకుండా కలిపేస్తే తీసేయమనవచ్చు.

కిస్తీ మొదలయ్యాక

నర్సింగు అయింది. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అమ్మాయికి 18,000 జీతం అనుకుందాం. రాయితీ రాలేదు, వడ్డీ ముందు కట్టలేదు అనుకుందాం. హాస్టలుకు, తిండికి 8,000. కిస్తీ 7,136. మిగిలేది 2,864. బస్సు, ఫోను, బట్టలు, ఇంటికి పంపేది, అన్నీ అందులోనే.

మొదటి నెల కట్టిన 7,136లో ఏముందో చూడండి. 5,40,000కు ఒక నెల వడ్డీ 4,500. మిగిలిన 2,636 మాత్రమే అసలులో తగ్గింది. ఏడాది కట్టినా బాకీ తగ్గలేదేమిటి అని పిల్లలు ఏడుస్తారు. మోసం ఏమీ జరగలేదు. మొదటి ఏళ్లలో వడ్డీ ఎక్కువ, అసలు తక్కువ పోతుంది. పోను పోను అది తిరగబడుతుంది. అందుకే మొదటి ఏళ్లలో చేతికి నాలుగు డబ్బులు అదనంగా వస్తే అసలులో కట్టటం మంచిది. మారే వడ్డీ మీద ఇచ్చిన చదువు అప్పును ముందే తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు.

"పదిహేనేళ్లకు పెట్టించు, కిస్తీ తగ్గుతుంది" అని సలహా చెబుతారు. తగ్గుతుంది. నెలకు 5,803 అవుతుంది. 1,333 తగ్గింది. కాని మొత్తం కట్టేది 10,44,540. పదేళ్ల లెక్క కన్నా 1,88,220 ఎక్కువ. ఏడేళ్లలో తీరిస్తే నెలకు 8,965, మొత్తం 7,53,060. జీతం తక్కువ ఉన్నప్పుడు పదిహేనేళ్లకు పెట్టించటం తప్పు కాదు. జీతం పెరిగినప్పుడు ఎక్కువ కట్టి గడువు తగ్గించుకోవాలి, అంతే.

ఇక ఉద్యోగం రాలేదు అనుకుందాం. వస్తుందన్న హామీ ఎవరిచ్చారు? చాలామంది ఇక్కడ చేసే పని, బ్యాంకు ఫోను వస్తే ఎత్తకపోవటం. మూడు నెలలు, అంటే 90 రోజులు దాటి కట్టకపోతే బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద రాస్తుంది. ఆ మచ్చ పిల్ల పేరు మీదే కాదు, తల్లి పేరు మీద కూడా పడుతుంది. రేపు గేదెకు లోను అడిగినా, ఇంటికి లోను అడిగినా కంప్యూటరులో అది కనిపిస్తుంది.

ఫోను ఎత్తండి. బ్యాంకుకు పోయి, ఉద్యోగం లేదని, ఇన్ని నెలలు గడువు కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. ఉద్యోగం లేని కాలానికి గడువు ఇచ్చే వీలు ఆ నమూనా పథకంలోనే ఉంది. నాలుగు వందలో ఐదు వందలో, ఉన్నంత కడుతూ ఉంటే మాటకు బలం ఉంటుంది.

వసూలుకు వచ్చేవాళ్లు ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయకూడదు. బెదిరించకూడదు, పదిమందిలో పరువు తీయకూడదు. ఇది రిజర్వు బ్యాంకు మాట. అలా చేస్తే మొదట బ్యాంకుకు రాతలో ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయం జరగకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పవచ్చు. 14448కు ఫోను చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు.

కిస్తీ కట్టటానికి ఫోనులో దొరికే యాప్ అప్పు మాత్రం తీసుకోకండి. ఐదు నిమిషాల్లో ఇస్తారు. మన ఫోనులో ఉన్న పేర్లన్నీ తీసుకుంటారు. తరువాత బంధువులందరికీ ఫోన్లు పోతాయి. ఒక గుంత పూడ్చటానికి పక్కనే నుయ్యి తవ్వుకున్నట్టు.

విదేశాలకు పంపేవాళ్లది వేరే లెక్క. అక్కడికి పది, ఇరవై, ముప్పై లక్షల దాకా అప్పులు చేస్తున్నారు. ఏడున్నర లక్షలు దాటితే ఇల్లో పొలమో బ్యాంకు అడగవచ్చు. అప్పు రూపాయల్లో, ఫీజు డాలర్లలో. డాలరు పెరిగితే ఫీజు పెరుగుతుంది. మొదటి ఉద్యోగం దొరకకపోతే కిస్తీ ఇక్కడ ఊళ్లో ఉన్న తండ్రి కట్టాలి. పొలం కాగితం ఇచ్చే ముందు ఇంట్లో అందరూ కూచుని మాట్లాడుకోవలసిన సంగతి అది.

పెళ్లి మాట

రవణమ్మ కూతురికి సంబంధం వచ్చింది. మీటింగులో మళ్లీ అదే పెద్దామె అడిగింది.

"అప్పు సంగతి వాళ్లకు చెప్పావా?"

"చెప్తే సంబంధం పోతుందేమో పిన్నీ."

"చెప్పకపోతే?"

ఎవరూ మాట్లాడలేదు. చెప్పకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. పెళ్లయిన మూడో నెలలో అమ్మాయి జీతం ఎవరిది అన్న గొడవ వస్తుంది. అత్తగారు జీతం ఇమ్మంటారు. బ్యాంకు కిస్తీ అడుగుతుంది. కిస్తీ ఆగుతుంది. ఫోను రవణమ్మకు వస్తుంది. పెళ్లయినంత మాత్రాన అప్పు అత్తగారింటికి మారదు. పిల్ల పేరు మీద, తల్లి పేరు మీద అలాగే ఉంటుంది.

"కట్నం తీసుకోవటం 1961 నుంచి నేరం. అయినా అడుగుతున్నారు, ఇస్తున్నాం" అంది సంఘం లీడరు. "ఆ డబ్బేదో పిల్ల బాకీలో కట్టు రవణా. అబ్బాయితో, వాళ్ల అమ్మతో ముందే చెప్పు. ఇంకా ఆరేళ్లు కిస్తీ ఉంది, మా పిల్ల జీతంలో నుంచి పోతుంది అని."

రవణమ్మ వెంటనే ఒప్పుకోలేదు. రెండు రాత్రులు ఆలోచించింది. మూడో రోజు కూతురినే అడిగింది.

"నేనే చెప్తానమ్మా" అంది కూతురు. పాస్ పుస్తకం తీసుకుని పోయి అబ్బాయికే చూపించింది. ఎంత తెచ్చింది, ఎంత కట్టింది, ఎంత ఉంది. ఆ అబ్బాయి పుస్తకం చాలాసేపు చూశాడు. "ఆరేళ్లేగా" అన్నాడు. వాళ్లమ్మ మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.

లెక్క చేయండి

ఒక తల్లి కొడుకును పాలిటెక్నిక్‌లో చేర్చింది. మూడేళ్ల చదువు. బ్యాంకు ప్రతి ఏడాది మొదట్లో 50,000 ఇచ్చింది. వడ్డీ 9 శాతం, అంటే ముప్పావలా వడ్డీ. చదువు అయినాక ఇంకో ఏడాది ఆగింది. మధ్యలో వడ్డీ కట్టలేదు, రాయితీ రాలేదు.

మొదటి 50,000 ఎన్నేళ్లు వాడుకుంది? రెండోది ఎన్నేళ్లు? మూడోది ఎన్నేళ్లు? ఒక్కోదానికి వడ్డీ వేరువేరుగా రాసి కూడండి. మొత్తం వడ్డీ 40,500 వస్తే మీ లెక్క సరిపోయినట్టే. రాకపోతే మొదటి 50,000కు నాలుగేళ్లు వేశారో లేదో చూసుకోండి.